ఆకుపచ్చది ఓడిపోయిన మట్టి

ఆ సార్వా పంట కాలమంతా నేను ఎక్కడా కుదురుగా కూర్చోలేదు. బందరులో ఇంట్లో ఉంటే, గుడివాడ ల్యాబులో కరెంటు పోయి ఇంక్యుబేటర్ ఆగిపోయిందేమోనని అనిపించేది. ల్యాబులో ఉంటే నాగాయలంకలో పొలం మునిగిందేమోనని. తీరా పొలం గట్టు మీద నిలబడ్డాక, బస్సు వెళ్ళిపోతుందేమోనని మాటిమాటికీ రోడ్డు వైపు చూసేదాన్ని. మా ఆయన గిల్టు నగలకి పూత వేసే షెడ్డు నడుపుతాడు. పూత పట్టేదాకా తొట్టి ముందు కదలకుండా నిలబడటం ఆయనకి అలవాటు. "అన్నం తింటూ కూడా రైలు కోసం చూస్తున్నట్టే ఉంటావు నువ్వు" అనేవాడు.

నిజంగానే రైలు కోసమే చూసేదాన్ని. పొద్దున్నే బందరు స్టేషన్లో ప్యాసింజరు ఎక్కి, పెడన, కవుతరం మీదుగా గుడివాడలో దిగి, అక్కడి నుంచి ఆటోలో కాలేజీకి వెళ్ళేదాన్ని. పెళ్ళయిన చాలా ఏళ్ళకి మళ్ళీ చదువు మొదలుపెట్టి, ఆ కాలేజీలో మైక్రోబయాలజీలో పరిశోధన చేస్తున్నాను. నా పని చెప్పుకోవడానికి తేలికే. మట్టిలో బతికే రెండు రకాల బాక్టీరియాని ఒకేచోట పెట్టి, ఏది పెరుగుతుందో ఏది తగ్గిపోతుందో కొలవడం. మొదట రెండింటినీ సమానంగా కలపాలి. కొన్నాళ్ళు వాటి మానాన వాటిని వదిలేయాలి. తరువాత చిటికెడు మట్టి తీసి నీళ్ళలో కలిపి, దాన్ని పలచన మీద పలచన చేస్తూ పోయి, చివరి చుక్కని, గాజు ప్లేటులో పోసి గడ్డకట్టించిన పోషకం మీద పరచాలి. ఒక్కో బాక్టీరియా అక్కడ ఒక్కో చుక్కగా మొలుస్తుంది. ఆ చుక్కల్ని కాలనీలు అంటాం. ఏ రకం కాలనీలు ఎన్ని ఉన్నాయో లెక్కపెడితే, పోటీలో ఎవరు నిలిచారో తెలుస్తుంది.

నేను పోటీ పెట్టినవాటిలో ఒకటి ఆకుపచ్చది. దానికి శాస్త్రంలో పొడుగాటి పేరుంది కానీ, మేమంతా ఆకుపచ్చదనే అనేవాళ్ళం. ప్లేటు మీద దాని చుట్టూ లేత ఆకుపచ్చ రంగు ఊరుతుంది. మా గైడు గారు కుర్రతనంలో పెదపారుపూడి వైపు ఓ పొలంలో, చుట్టూ తెగులు పట్టి ఎండిపోయిన వరి మధ్య ఒకే ఒక్క దుబ్బు పచ్చగా నిలబడటం చూశారట. దాని వేళ్ళ నుంచి తీసినదే ఇది. అప్పటి నుంచీ ఫ్రిజ్ మారినా, బిల్డింగు మారినా దాన్ని మాత్రం బతికించుకుంటూ వచ్చారు. వరి వేళ్ళ దగ్గర అది ఒక విషాన్ని వదులుతుంది. దానికి తెగులు క్రిములు చస్తాయి, వేరు బలంగా సాగుతుంది. ఉప్పు మట్టిలో కూడా వరిని నిలబెడుతుందని కుండీల్లో పెంచి చూపించారు. ఆయన మరో ఏడాదిలో రిటైరవ్వబోతున్నారు. ఈలోగా ఆకుపచ్చదాన్ని కుండీలోంచి పొలంలోకి దింపాలన్నది ఆయన కోరిక.

ఆ పొలం నాగాయలంక దగ్గర దొరికింది. దాని యజమానురాలు యాభై దాటిన మనిషి. భర్త పోయాక సొంతంగా సేద్యం చేయించుకుంటోంది. నేను ఆమెని పిన్నిగారు అని పిలిచేదాన్ని. ఆమె పొలానికి రెండు వైపులా ఒకప్పటి వరి చేలు అప్పటికే రొయ్యల చెరువులైపోయాయి. అందులో ఒక చెరువు ఆమె మరిదిదే. చెరువుల్లోంచి ఉప్పు ఊట పల్లపు మడుల్లోకి దిగుతోంది. ఎండాకాలంలో అక్కడ మట్టి మీద తెల్లగా చౌడు పొంగుతుంది. "నువ్వూ చెరువుకి ఇచ్చేయ్ వదినా, దేనికి ఈ తిప్పలు" అని మరిది రెండేళ్ళుగా అంటున్నాడు. మా గైడు గారు ఆ ఊళ్ళో రైతులతో మాట్లాడినప్పుడు పిన్నిగారు మొదటి వరసలో కూర్చుని అంతా విన్నది. మీటింగు అయ్యాక వచ్చి అడిగింది.

"మాస్టారూ, మీరు చెప్పేది నిలబడుద్దంటారా?"

"నిలబడుతుందమ్మా. నా చేత్తో పెంచి చూశాను."

"అయితే ఈ ఒక్క సార్వా చూస్తాను. మా మరిదికి సంక్రాంతి దాకా ఆగమని చెప్తాను."

ఆ మాట నా చెవిన పడింది. అప్పుడు సంతోషంగానే అనిపించింది.

ఊడ్పులప్పుడు నేను వెళ్ళాను. ఆకుపచ్చదాన్ని కలిపిన నీళ్ళలో నారు వేళ్ళు ముంచి ఒక పల్లపు మడిలోనూ, ఒక మెరక మడిలోనూ నాటించాం. వాటి పక్కనే ముంచకుండా నాటినవి రెండు. కూలివాళ్ళు ఆ తొట్టి చూసి నవ్వుకున్నారు. పిన్నిగారు మాత్రం తొట్టిలో చెయ్యి పెట్టి వాసన చూసింది. "పులిసిన గంజిలా ఉంది" అంది.

అంతవరకూ ల్యాబులో పోటీలన్నీ ఆకుపచ్చదే గెలిచింది. దాని ఎదురుగా నేను పెట్టినది పిన్నిగారి పొలం వేళ్ళ దగ్గర అన్నింటికన్నా ఎక్కువగా దొరికే తెల్లది. ముడతలు పడిన తెల్లటి కాలనీ. గాజు ఫ్లాస్కులో కలిపితే కొద్ది రోజుల్లోనే తెల్లది అడుగంటిపోయేది. ప్లేటంతా తెల్లదాన్ని పరచి మధ్యలో ఆకుపచ్చది ఒక చుక్క పెడితే, ఆ చుక్క చుట్టూ ఏమీ మొలవని గుండ్రటి వలయం ఏర్పడేది. ఆకుపచ్చది వదిలిన విషం చేరినంత మేరా తెల్లది బతకలేదన్నమాట. ఆటోక్లేవులో వేడిచేసి, ఉన్న బాక్టీరియాని మొత్తం చంపేసిన మట్టిలో ఈ రెండింటినే వదిలినా అదే ఫలితం. ఆ వలయాలకి ఫోటోలు తీసి గైడు గారికి చూపిస్తే, కళ్ళజోడు పైకి నెట్టుకుని ముసిముసిగా నవ్వేవారు.

ఇంక మిగిలింది బతికున్న మట్టి. పొలం నుంచి తెచ్చిన మట్టిని వేడి చేయకుండా, అందులో ఉన్న వేల రకాలతో సహా అలాగే ఉంచి, ఆకుపచ్చదాన్ని కలిపి చూడాలి. అంత గుంపులో దాన్ని గుర్తుపట్టడానికి ముందే ఒక ఏర్పాటు చేశాం. ఒక మందుని తట్టుకునేలా దాన్ని అలవాటు చేశాం. ఆ మందు కలిపిన ప్లేటు మీద మట్టిలోని మిగతావి దాదాపుగా మొలవవు. మొలిచేది ఆకుపచ్చదే.

మొదటి వారం ప్లేట్ల నిండా ఉంది. తరువాతి వారం సగానికి సగం లేదు. ఆ తరువాత తీసిన ప్లేట్లు శుభ్రంగా, కడిగిన కంచాల్లా ఉన్నాయి. నేను వాటిని వెలుతురుకి పట్టి అటూ ఇటూ తిప్పాను. ఎక్కడో మూల ఒకటి అరా తప్ప ఏమీ లేవు. మందు ప్లేట్లు పాడయ్యాయనుకున్నాను. కొత్తగా పోశాను. మట్టి ఆరిపోయిందనుకుని తేమ చూశాను. సరిగ్గానే ఉంది. పొలం నుంచి మళ్ళీ మట్టి తెచ్చి మొదటి నుంచి మొదలుపెట్టాను. మళ్ళీ అదే వరస.

అప్పటి నుంచి నా కాళ్ళు నిలవడం మానేశాయి. ఆదివారం కూడా గుడివాడ వెళ్ళి ప్లేట్లు చూసొచ్చేదాన్ని. మరుసటి రోజు దాకా అందులో మారేదేమీ ఉండదని తెలిసి కూడా. ఇంట్లో ఉంటే వరండాలోంచి వంటింటికీ, వంటింటిలోంచి వరండాకీ తిరిగేదాన్ని. పొయ్యి మీద పాలు పెట్టి, అవి పొంగేలోపు బట్టలు ఆరేసి రావాలని మేడ మీదికి పరిగెత్తేదాన్ని. పాలు పొంగిపోయేవి.

"ఏమైందో చెప్పవు. కూర్చోవు. నన్నైనా కూర్చోనిస్తావా అంటే అదీ లేదు" అన్నాడు మా ఆయన ఒకరోజు.

"అది పొలంలో బతకడం లేదండీ."

"ఏది?"

"ఆకుపచ్చది."

ఆయన నా వైపు తిరిగాడు. "మీ సారుకి చెప్పావా?"

చెప్పలేదు. చెప్పాలంటే ముందు నా చేతి పని మీద నాకు నమ్మకం కుదరాలి. ఇంకొక్కసారి చేసి చూసి చెబుదామనుకుంటూ వారాలు గడిపేస్తున్నాను. ఈలోగా పిన్నిగారి ఫోను వచ్చింది. నేను రైల్లో ఉన్నాను.

"అమ్మాయ్, నీళ్ళలో ముంచి నాటిన మడీ, ముంచకుండా నాటిన మడీ ఒకేలా ఉన్నాయే. పల్లంలో రెండూ ఎర్రబడ్డాయి. ఇప్పుడే తెలియదంటావా, ఇంకా టైముందా?"

"చూద్దాం పిన్నిగారూ. ఈ వారంలో వస్తాను."

"మా మరిది రోజూ గట్టు మీదకొచ్చి చూసి పోతున్నాడు. నోరు తెరిచి ఏమీ అనడు. నవ్వుతాడు."

ఫోను పెట్టేశాక పెడన ఎప్పుడు దాటామో గమనించలేదు. ఆ రోజే గైడు గారి గదికి వెళ్ళి ప్లేట్లు బల్ల మీద పరిచాను. ఆయన ఒక్కొక్కటీ తీసి చూశారు.

"తేమ చూశావా?"

"చూశాను సార్."

"మందు పాళ్ళు?"

"కొత్తగా కలిపి పోశాను సార్. ఇది రెండోసారి చేయడం."

"అయితే మూడోసారి చెయ్యి" అని ప్లేట్లు నా వైపు నెట్టారు.

మూడోసారి కూడా అదే వచ్చింది. అప్పుడు ఆయన ప్లేట్ల వైపు చూడనేలేదు. "నువ్వు తొందర మనిషివమ్మా. మొదటి నుంచీ చూస్తున్నాను. పైపెట్ పట్టుకున్నా నీ కన్ను గడియారం మీదే ఉంటుంది. తొందర మనుషుల చేతిలో కాలనీలు కూడా సరిగ్గా మొలవవు" అన్నారు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేదేమో. నేను బయటికొచ్చి, గుడివాడ బస్టాండు దాకా నడిచి, ఎక్కడికీ వెళ్ళే పని లేదని గుర్తొచ్చి, తిరిగి వచ్చాను. కోపం కన్నా భయమే ఎక్కువగా ఉంది. నిజంగా నా చేతిలోనే ఏదో దోషం ఉంటే? ఉన్నదాన్ని లేదని చూపించి, ఆయన జీవితమంతా దాచుకున్నదాన్ని నేనే చంపేస్తున్నానేమో?

ఆ తరువాత వారం నేను ల్యాబుకి వెళ్ళేసరికి గైడు గారు అప్పటికే వచ్చి ఉన్నారు. తెల్లకోటు వేసుకున్నారు. ఆ కోటులో ఆయనని నేను అంతకు ముందు చూడలేదు. భుజాల దగ్గర బిగుతుగా ఉంది.

"మట్టి ఎక్కడుంది?" అన్నారు.

చూపించాను.

"నువ్వు బయట కూర్చో. ఏదీ ముట్టుకోవద్దు."

పని మొదటి నుంచి చివరిదాకా ఆయనే చేశారు. వారాల తరబడి, ప్రతిసారీ తనే వచ్చి మట్టి తీసి, పలచన చేసి, ప్లేట్లు పోశారు. నేను బయట బెంచీ మీద కూర్చునేదాన్ని. అద్దంలోంచి ఆయన వీపు కనిపించేది. ఏళ్ళ తరవాత పైపెట్ పట్టుకున్నారేమో, మధ్యమధ్యలో ఆగేవారు. భుజాలు సర్దుకుని మళ్ళీ మొదలుపెట్టేవారు. చేతిలో పని లేకుండా కూర్చోవడం నాకు శిక్షలా ఉండేది. లేచి నడిచేదాన్ని, మళ్ళీ కూర్చునేదాన్ని. చెప్పాను కదా, నాకు కూర్చోవడం రాదు. ఆ చేతకానితనమే ఒక రోజు నన్ను చెత్త డబ్బా దగ్గరికి తీసుకెళ్ళింది.

పాత ప్లేట్లు పారేసే ముందు ఆటోక్లేవులో వేసి వాటి మీదున్నవన్నీ చంపాలి. వాటిని సర్దుతుంటే ఒక ప్లేటు చేతికొచ్చింది. తెల్లదాన్ని పరచి మధ్యలో ఆకుపచ్చ చుక్క పెట్టిన ప్లేటు. మామూలుగా వలయం గుండ్రంగా ఉంటుంది. దీనిలో ఒక పక్క లోపలికి సొట్ట పడింది. ఎవరో వేలితో నొక్కినట్టు. ఆ సొట్ట దగ్గర ఆవగింజంత కాలనీ ఒకటి ఉంది. గంధం రంగులో, ఎత్తు లేకుండా, అతుక్కుపోయినట్టు ఉంది. పొలం మట్టి రేణువు ఏదో పొరపాటున పడి మొలిచినది. పనికిరాదని ఆ ప్లేటు పక్కన పెట్టింది నేనే. కానీ ఆ చిన్నదాని చుట్టూ తెల్లది ధీమాగా మొలిచింది. ఆకుపచ్చదాని విషం అక్కడిదాకా రాలేదు. లేదా, వచ్చింది వచ్చినట్టే లేకుండా పోయింది.

గైడు గారు ముట్టుకోవద్దన్నారు. అయినా తలుపు తోసుకుని లోపలికి వెళ్ళిపోయాను.

"సార్, ఇది చూడండి."

ఆయన చేతిలో తన ప్లేటు ఉంది. శుభ్రంగా, కడిగిన కంచంలా ఉంది. ఆయన చేత్తో చేసినా ఆకుపచ్చది మట్టిలో మిగల్లేదు. ఆ సంగతి నాకు చెప్పకుండా ఎంతసేపు అలా నిలబడ్డారో తెలియదు. నా ప్లేటు తీసుకుని సొట్ట వైపు చాలాసేపు చూశారు. తరువాత సింకు దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కున్నారు. కడిగిందే కడుగుతూ ఉండిపోయారు.

"నువ్వు తొందర మనిషివే" అన్నారు, అటు తిరిగే. "కానీ తప్పు చేయలేదు. నాదే పొరపాటు మాట."

ఆ తరువాత ఇద్దరం కలిసి పనిచేశాం. గంధం రంగుదాన్ని విడిగా పెంచాం. అదొక నీరసపు జీవి. ఆకుపచ్చదానితో ఒంటరిగా పెడితే ఓడిపోయింది. తెల్లదానితో పెట్టినా ఓడిపోయింది. పూర్తిగా చావదు, మూలన కొద్దిగా బతికి ఉంటుంది. వేడిచేసిన మట్టిలో మూడింటినీ కలిపి పెట్టినప్పుడు మాత్రం లెక్క తిరగబడింది. ఆకుపచ్చది వదిలిన విషాన్ని ఈ చిన్నది విరగ్గొట్టేస్తోంది. విషం లేకపోతే ఆ ఉప్పు మట్టిలో తెల్లదాన్ని పట్టేదెవరు? అది సొంత ఊరి జీవి. తిండి ముందుగా అదే అందుకుంది. ఆకుపచ్చది రోజురోజుకీ తగ్గిపోయింది. రెండింటి మధ్య పోటీని ఎంత జాగ్రత్తగా కొలిచినా, మూడోది వచ్చాక ఏమవుతుందో ఆ కొలతలో కనిపించదు. పొలంలో మూడు కాదు, వేల రకాలున్నాయి.

నాకు సంతోషం ఆగలేదు. ఇంటికెళ్ళి మా ఆయనకి ప్లేటు ఫోటో చూపించి గడగడా చెప్పాను. ఆయన మొత్తం విని, "మరి ఆ పిన్నిగారి మాటేమిటి?" అన్నాడు. ఫోను బల్ల మీద బోర్లా పెట్టేశాను.

మర్నాడు నాగాయలంక వెళ్ళి చెప్పొస్తానని గైడు గారితో అన్నాను. "నువ్వెందుకు చెప్పడం? నిలబడుతుందని చెప్పింది నేను" అని ఆయన సంచీ తీసుకున్నారు. గుడివాడలో బస్సెక్కి, పామర్రులో మారి, కూచిపూడి, చల్లపల్లి దాటి, పులిగడ్డ వంతెన మీదుగా దివిసీమలోకి దిగేదాకా ఆయన ఆ సంచీని ఒళ్ళోంచి దించలేదు. అవనిగడ్డలో టీ తాగుదామా అని నేనడిగితే వద్దన్నట్టు తల ఊపారు.

పిన్నిగారు గట్టు మీద ఉంది. కొంచెం అవతల, చెరువు కట్ట మీద ఆమె మరిది నిలబడి ఉన్నాడు. చెరువులో నీళ్ళు చిమ్మే చక్రాలు ఆగకుండా తిరుగుతున్నాయి. ఆ చప్పుడులో గైడు గారు గొంతు పెంచి చెప్పాల్సి వచ్చింది.

"అమ్మా, నేను మీకిచ్చింది మీ మట్టిలో నిలవలేదు. మీ మట్టిలో ముందే ఉన్నవి దాన్ని నిలవనివ్వలేదు. కుండీలో నిలిచింది కదా, ఇక్కడా నిలుస్తుందని చెప్పాను. అది సరికాదు."

ఆమె ఆయన్ని కాకుండా నన్ను చూసింది.

"నీకెప్పుడు తెలిసింది?"

"అనుమానం ముందు నుంచీ ఉంది పిన్నిగారూ. ఖాయం చేసుకున్నాక చెబుదామని..."

"అనుమానం ఉన్నప్పుడే చెప్పుంటే, నేనూ అనుమానంగానే వినేదాన్ని కదమ్మా. ఫోను చేసినప్పుడు చూద్దాం అన్నావు. నేను చూస్తూ కూర్చున్నాను."

చెరువు కట్ట మీద నుంచి మరిది అరిచాడు. "ఏం వదినా, ఏమంటున్నారు మాస్టారు?"

"నీకు కావాల్సిందే అంటున్నారు లే" అని ఆమె తిరిగి అరిచింది. తరువాత చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని పల్లపు మడిలోకి దిగింది. ముంచి నాటిన మడిలోంచి ఒక దుబ్బు పీకింది. గట్టు దాటి, ముంచకుండా నాటిన మడిలోంచి ఇంకోటి పీకింది. రెండూ తెచ్చి గైడు గారి ముందు పట్టుకుంది. "మీరే చూడండి. ఏది ఏదో చెప్పండి."

ఆయన చెప్పలేకపోయారు. రెండూ ఒకేలా ఉన్నాయి. పొట్టి వేళ్ళు, ఎర్రబడిన ఆకులు.

"మెరక మడి కూడా చూడొచ్చా?" అన్నారు.

"చూస్తే మీ ఇష్టం. దిగండి."

ఆయన ప్యాంటు మడిచి, చెప్పులు విడిచి దిగారు. రెండడుగులు వేశారో లేదో మోకాలి దాకా దిగబడిపోయి, పక్కకి ఒరిగి, ఒక చెయ్యి బురదలో ఆనించి ఆగిపోయారు. కళ్ళజోడు ముక్కు చివరికి జారింది. పిన్నిగారు అప్పటిదాకా బిగబట్టుకున్న మొహంతోనే ఉంది. ఆయన్ని అలా చూసి ఆపుకోలేక నవ్వేసింది. "పట్టుకోండి మాస్టారూ, పట్టుకోండి" అని చెయ్యి అందించి లాగింది. నవ్వు అయిపోయాక ఆమె కళ్ళు చెమ్మగిల్లాయి. కోపం పోలేదు కానీ, మాట్లాడుకోగలిగే చోటుకి వచ్చింది.

మెరక మడిలో వేళ్ళు కొంచెం మెరుగ్గా ఉన్నాయి. ముంచినవి ఇంకొంచెం. ఎందుకని అడిగితే, ఊడ్పులకి ముందు అక్కడ పచ్చిరొట్ట ఎరువు కోసం జీలుగ చల్లి, పెరిగాక కలియదున్నించానని చెప్పింది. పల్లంలో జీలుగ కూడా సరిగ్గా లేవలేదట. ఆ మట్టి తెచ్చి పరీక్షిస్తే, ఆకుపచ్చది అక్కడ తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. కుళ్ళిన జీలుగతో మట్టిలో తిండి దండిగా ఉంది. అందుకే ఓడినది కూడా ఓ మూల బతకగలిగిందని మేం అనుకున్నాం. కానీ పైరు మెరుగ్గా ఉన్నది ఆకుపచ్చదాని వల్లా, జీలుగ వల్లా అన్నది ఆ ఒక్క మడి చూసి చెప్పలేం. ఈసారి ఆ మాట పిన్నిగారికి వెంటనే ఫోను చేసి చెప్పాను. "అయితే వచ్చే ఏడు జీలుగైతే వేస్తాను. మీది తరవాత చూద్దాం" అంది.

కోతల తరువాత ఆమె పల్లపు ముక్కని మరిదికి చెరువు కింద ఇచ్చేసింది. మెరక ముక్క ఉంచుకుంది. రెండింటికీ మధ్య లోతుగా మురుగు కాలువ తవ్వించాకే చెరువు తవ్వాలని షరతు పెట్టింది. మరిది గొణిగాడు కానీ తవ్వించాడు. ఇది మంచిదైందా చెడ్డదైందా అని నన్ను ఎవరైనా అడిగితే చెప్పలేను. ఆ కాలువ ఎన్నాళ్ళు ఉప్పుని ఆపుతుందో ఆమెకీ తెలియదు. నాకూ తెలియదు.

గైడు గారు రిటైరయ్యారు. ఆకుపచ్చదాన్ని దాచిన గాజు గొట్టాలని, ఒక్కొక్కటీ గుడ్డతో తుడిచి నాకు అప్పగించారు. ఆయన చివరిసారి ఫ్రిజ్ తలుపు వేసి, అది సరిగ్గా పడిందో లేదోనని మళ్ళీ నొక్కి చూశారు. ఇప్పుడు నెలకో రెండు నెలలకో ఫోను చేసి, ముందు గంధం రంగుది ఎలా ఉందని అడుగుతారు. ఆకుపచ్చదాని సంగతి ఆ తరువాతే.

పల్లంలో తవ్వడానికి పొక్లెయిన్ వచ్చిన రోజు పొద్దున నేనక్కడ ఉన్నాను. ఆ మట్టి మళ్ళీ దొరకదని పరుగున వెళ్ళాను. పిన్నిగారు గట్టు మీదే ఉంది కానీ తవ్వే వైపు చూడలేదు. నేను సంచులు నింపుతుంటే తొందరపెట్టింది. "త్వరగా తియ్యి, వాడు ఆగడు. ఆ మూలది కూడా తీసుకో. అక్కడ చౌడు ఎక్కువ." యంత్రం మా వెనకనే బొక్కెన దింపింది. ఇద్దరం చెరో సంచీ పట్టుకుని రోడ్డు మీదికి పరుగులాంటి నడకతో వచ్చాం.

బస్సు అప్పుడే వచ్చింది. కండక్టరు తడిసిన సంచులు చూసి మొహం చిట్లించాడు. "ఏందమ్మా ఇది, రొయ్యలా?"

"మట్టి" అంది పిన్నిగారు కింద నుంచి. "జాగ్రత్తగా తీసుకెళ్ళు. అందులో ప్రాణాలున్నాయి."

బస్సు కదిలింది. సంచులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఎండ ఎక్కేలోపు గుడివాడ చేరతానా లేదా అని అవనిగడ్డ రాకముందే సంచులతో లేచి ముందు తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను.